పేను, ఈరు, దువ్వెన

పిల్లల తలలో పేలు పడితే తల్లిని అనడం మన ఇళ్ళలో ఆనవాయితీ. శుభ్రం లేదంటారు, లేమి అంటారు. చరిత్ర అందుకు ఒప్పుకోదు.

ఇజ్రాయెల్‌లోని లాకీష్ త్రవ్వకాలలో 2016లో మూడున్నర సెంటీమీటర్ల దంతపు దువ్వెన ఒకటి దొరికింది. దాని మీది సన్నని గీతలు అక్షరాలని తేలిన సంగతి 2022లో ప్రకటించారు. కనానీయుల లిపిలో 17 అక్షరాలు, 7 మాటలు. తలలో, గడ్డంలో ఉన్న పేలను ఈ దంతం ఊడబెరకాలని కోరిక. కాలం క్రీ.పూ. 1700 ప్రాంతమని పండితుల అంచనా. ఒకవైపు చిక్కు తీయడానికి 6 లావుపాటి పళ్ళు, రెండోవైపు పేలకోసం 14 సన్నపళ్ళు. ఆ సీమలో ఆనాడు ఏనుగులు లేవు. దంతం ఈజిప్టు నుంచి వచ్చి ఉంటుందంటారు. అంటే అది కలిగినవారి దువ్వెన. దాని పంటికి పేను అవశేషం కూడా అంటుకుని ఉంది!

పేనుకు మనవాళ్ళు పెట్టుకున్న మాటలూ నిన్న మొన్నటివి కావు. తెలుగులో పేను, తమిళంలో పేన్. పాలు హాలైనట్లే కన్నడంలో పేను హేనయింది. గుడ్డును మనం ఈరు, ఈపి అంటాం. తమిళులు ఈర్, కన్నడిగులు సీరు. కోలారులోనో హోసూరులోనో తరాలుగా ఉంటున్న మనవాళ్ళు వీటిని పొరుగింట నేర్చుకోనక్కర లేదు. ఈ భాషలు విడిపోకముందే ఆ మాటలున్నాయి. అమ్మ ఒళ్ళో తలపెట్టి పేలు చూపించుకోవడమూ అంత పాతదే అనుకుంటాను.

మందులే కొత్తవి. సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. దాని గింజల పొడి తలకు పట్టించడం ఇక్కడ ఇంటివైద్యమైంది. పేలు చస్తాయి, నిజమే. కాని ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర పుండవుతుంది. కంటి వైద్యులు అటువంటి కేసులు నమోదు చేశారు. 1943-44లో నేపుల్స్ నగరంలో టైఫస్ జ్వరాన్ని ఆపడానికి పది లక్షల మందికి పైగా డి.డి.టి. వంటి పొడులు చల్లారు. అది చీరపేల మీద యుద్ధం. టైఫస్‌ను మోసేది బట్టల్లో ఉండే ఆ పేనే, తలపేను కాదు. ఆ తేడా ఎవరికి పట్టింది? చీమలకూ నల్లులకూ అమ్మిన గమాక్సిన్ పిల్లల తలలకు పట్టించిన ఇళ్ళు నేనెరుగుదును. అది నరాల మీద పనిచేసే విషం.

తలపేను ఎగరదు, గెంతదు. తలకు తల ఆనితే పాకుతుంది. కలిసి ఆడుకుని కలిసి పడుకునే పిల్లలకు అది అంటుకోవడంలో వింత లేదు. ఈరు పగలడానికి వారం, పదిరోజులు పడుతుంది. కనుక నూనె రాసి, పాయలు తీసి, సన్నదువ్వెనతో మూడు నాలుగు రోజులకొకసారి, రెండు మూడు వారాలు దువ్వాలి. ఒక్క ఆదివారంతో లెక్క తేలదు.