సముద్రమునకు గడువు పెట్టిన పల్లె

ఏండ్లకొలది బడిలో చరిత్ర చెప్పినవాడను గనుక, రాజుల కథలు నావద్ద వినగోరుదురు. నేడు మాత్రము, ఒక చిన్న పల్లెవారు తమ కూటిని తామే కొన్ని నెలలు నిలుపుకొన్న కథ మనవి చేసెదను.

ఆఫ్రికాకు తూర్పున హిందూ మహాసముద్రములో మడగాస్కరు ద్వీపము కలదు. దాని నైరుతి తీరమున అండవడోకా యను పల్లె యున్నది. అచ్చటి వేజో జాతివారికి సముద్రమే మడిచెక్క. పోటు తీసిన వేళ ఆడువారు పగడపు దిబ్బలపై నడచి, బొరియలలో దాగిన అష్టపాదిని ఈటెతో పొడిచి పట్టుదురు. అష్టపాది యనగా ఎనిమిది చేతుల మెత్తని జలచరము. ఆక్టోపస్ అని నేటి వాడుక. ఈ శతాబ్దారంభమున ఎగుమతి వర్తకులు వచ్చి కొనసాగిరి. వెల వచ్చినది, వేటయు హెచ్చినది.

అంతట 2004 నవంబరులో ఊరివారు, బ్లూ వెంచర్స్ అను సంస్థ తోడ్పాటుతో, నోసి ఫాసి యను దిబ్బపై ఏడు నెలలు వేట మానిరి.

ఇంత స్వల్పకాలము చాలునా యని మీరడుగవచ్చును. అష్టపాది ఆయువు ఏడాది, ఏడాదిన్నర మాత్రమే. అది మిక్కిలి త్వరగా బరువెక్కును. ఆడుది జన్మమున ఒక్కసారియే గ్రుడ్లుపెట్టి, తిండి మాని వానిని కాచి, పిల్లలు వెలువడగానే మరణించును. కావున మనకు కొన్ని నెలలైనది దానికి సగము బ్రదుకు. ఏండ్లకొలది జీవించు చేపలకు ఇది చాలదు; వానికి శాశ్వతముగా మూసిన తావులు కావలయును.

2005 జూనులో దిబ్బను తెరచిరి. బరువైన అష్టపాదులు దొరకెను. కాని వార్త పొరుగూళ్లకును పాకినది. జనము గుంపులుగా దిగగా, కూడబెట్టిన ఫలము కొలది దినములలోనే కరగిపోయెను. మూయుటకంటె తెరచుట కష్టమని అప్పుడు తేలినది.

ఊరివారు అంతటితో విసిగి మానలేదు. పొరుగూళ్లను పొత్తు చేర్చుకొనిరి. 2006లో ఇరువదికి పైగా పల్లెలు వెలొండ్రియాకె యను పేర ఒక్క కట్టుగా కూడెను. సముద్రముతో జీవించుట యని ఆ మాటకర్థము. 'దీన' యను గ్రామకట్టుబాటుచే హద్దులను, గడువులను, తప్పినవారికి జరిమానాను నిర్ణయించుకొనిరి. 2012లో రోడ్రిగ్స్ ద్వీపమువారును ఈ మార్గమునే పట్టిరి.

2004 మొదలు 2011 వరకు ఆ ప్రాంతమున జరిగిన 36 మూతల లెక్కలను పరిశోధకులు 2015లో ప్రకటించిరి. తెరచిన పిమ్మట మొత్తము పట్టుబడి నూటికి 700కు మించి పెరిగినది. ఒక్కొక్కరి దినసరి పట్టుబడి మాత్రము నూటికి 87 పెరిగినది. ఈ రెండంకెల నడిమి దూరమును చూడుడు. తెరచిన చోట జీవములు హెచ్చును. వానిని పట్టు చేతులును హెచ్చును.

మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నిలుపుట ప్రభుత్వాజ్ఞ. అండవడోకావారి కట్టడి ఊరి నోటనే పుట్టినది. అయినను రెంటికిని ప్రాణమొక్కటే. ఓర్చుకొన్నవానికి ఫలము దక్కునను నమ్మకము లేనినాడు ఎవ్వడును ఓర్చుకొనడు. చెరువుకైనను, బీటికైనను కట్టడి పెట్టు పెద్దలు, మూయునాడే కూర్చుండి, తెరచునాడు ఎవరు దిగవలయునో, ఎంత కొనిపోవలయునో నిర్ణయించుట మేలు.