మొదట బొంబాయి బండెక్కినోళ్లు

ధర్మపురి చరిత్ర అనగానే ఎవరైనా గుడితోనే మొదలుపెడతారు. యోగనరసింహుడు, ఉగ్రనరసింహుడు, పక్కన రామలింగేశ్వరుడు, ఎక్కడో గాని కనిపించని యమధర్మరాజు గుడి, ఇక్కడికొచ్చి దక్షిణానికి తిరిగే గోదావరి, శతకమంతా ఈ ఊరి స్వామినే పిలిచిన శేషప్ప కవి. అదంతా రాయాల్సిందే, రాసినవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం చాలా కాలంగా ఇంకో చరిత్ర మీద మనసుంది. ఈ ఊరి నుంచి, చుట్టుపక్కల జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ మొట్టమొదట బయటికి నడిచిన కుటుంబాల చరిత్ర. గుడికి శాసనం ఉంటుంది, స్థలపురాణం ఉంటుంది. ఊరు విడిచిన మనిషికి ఏముంటుంది?

అమెరికాలో ఇలాంటి కుటుంబాలను నెత్తిన పెట్టుకుంటారు. 1620లో మేఫ్లవర్ ఓడలో వెళ్లింది 102 మంది ప్రయాణికులు. వాళ్ల వారసులు 1897లో సంఘం పెట్టుకున్నారు. అందులో చేరాలంటే తండ్రి, తాత, ముత్తాత, ఇలా ఒక్కో తరానికీ రుజువు చూపాలి. 1847లో ఎడ్లబండ్లు కట్టుకొని సాల్ట్ లేక్ లోయకు చేరిన కుటుంబాల పేరిట ఉటా రాష్ట్రంలో ఏటా జులై 24న సెలవు ఇస్తారు. ఆ ఉటాలోనే 1894లో ఒక వంశావళి సంఘం పుట్టింది. తర్వాతి కాలంలో వాళ్లు దేశదేశాల రికార్డులను ఫిల్ముల మీదికి ఎక్కించారు. హరిద్వార్ పండాల వంశావళి పుస్తకాలు కూడా అందులో ఉన్నాయి. మన దేశపు యాత్రికుల పేర్ల నకళ్లు అంత దూరాన భద్రంగా ఉన్నాయి. మన ఊరి నుంచి బొంబాయి పోయిన తాతల పేర్లు మన దగ్గరే లేవు. ఇది నన్ను బాధపెట్టే మాట, అందుకే ఈ వ్యాసం.

ధర్మపురి రేవులో పిండప్రదానం చూసినవాళ్లకు ఒక సంగతి తెలుసు. పురోహితుడు గోత్రం అడుగుతాడు, తర్వాత తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా మూడు తరాలు. తల్లివైపు కూడా అంతే. చాలామంది తండ్రి పేరు టక్కున చెప్తారు, తాత పేరు కొంచెం ఆగి చెప్తారు, ముత్తాత దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న పెద్దబాపు మొహం చూస్తారు. పెద్దబాపుకూ గుర్తు రాకుంటే అక్కడితో ఆ వంశం ఆగిపోయినట్టే. పెత్రమాసకు పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడూ ఇదే తంతు. శాస్త్రం మూడు తరాలే అడిగింది కాబట్టి మనమూ మూడు తరాలే పెట్టుకున్నాం. ఊరు విడిచిన మనిషి సరిగ్గా ఆ మూడో తరం వాడో, నాలుగో తరం వాడో అవుతాడు. గట్టు దాటిపోయేది ఆ పేరే.

ఇంటిపేర్లు కొంత మేలు. మన వైపు ధర్మపురి, కోరుట్ల, మెట్‌పల్లి అని ఊరి పేర్లే ఇంటిపేర్లుగా ఉన్న కుటుంబాలున్నాయి. ధర్మపురిలోనే ఉండేవాణ్ని ధర్మపురివాడని ఎవరూ పిలవరు. వేరే ఊరికి పోయి అక్కడ కుదురుకున్నాక, ఆ ఊరివాళ్లు పిలవగా పిలవగా పడిపోయే పేరు అది. కాబట్టి ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్న ఇంటిలో, ఏదో ఒక తరంలో, మూట నెత్తిన పెట్టుకొని నడిచిన మనిషి ఒకడుంటాడు. తమిళనాడులోనూ ఒక ధర్మపురి ఉంది కాబట్టి ఒక్క ఇంటిపేరు పట్టుకొని మావాళ్లేనని తీర్పు చెప్పకూడదు. గోత్రం, కులదేవత, పాలోళ్ల ఊళ్లు కలిపి చూస్తేనే అది సాక్ష్యం.

ఇక పోయినవాళ్ల దారి. 1784 నాటికి బొంబాయిలో హార్న్‌బీ కట్ట పడి, సముద్రపు నీళ్లు పారే పల్లపు నేలలు ఆరడం మొదలైంది. అలా తేలిన నేల మీద నిజాం ఇలాకా నుంచి పోయిన తెలుగు కూలీలు గుడిసెలు వేసుకున్నారు. రాయి కొట్టడం, సున్నం కలపడం, మట్టి మోయడం, గోడ కట్టడం వాళ్ల పని. అక్కడివాళ్లు వాళ్లను కామాఠీలు అన్నారు, వాళ్లున్న చోటు కామాఠీపురా అయింది. ఇవాళ ఆ పేరు వినగానే లోకానికి తోచేది వేరు. తెలంగాణ వాళ్లం మనమైనా ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి: బొంబాయి నగరం కట్టిన మేస్త్రీల వాడ అది. నెంబర్లు వేసిన ఆ గల్లీలలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి, తెలుగు పండుగలు చేసుకున్నాయి.

ఆ వాడల నుంచి పైకొచ్చిన మనుషుల కథ ఇంకా గొప్పది. కూలీలుగా పోయినవాళ్ల నుంచి గుత్తేదారులు పుట్టారు. 19వ శతాబ్దపు బొంబాయిలో జయా కరాడీ లింగు, వెంకూ బాలాజీ కాలేవార్, నాగూ సయాజీ అనే తెలుగు గుత్తేదారులు పేరుమోసినవాళ్లు. ప్రభాదేవిలో నాగూ సయాజీ వాడి అన్న పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. 1873 సెప్టెంబర్ 24న పుణేలో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజం పెట్టినప్పుడు, బొంబాయిలో ఆయన వెంట నిలిచినవాళ్లలో ఈ తెలుగువాళ్లు ముందున్నారు. రామయ్య వెంకయ్య అయ్యావారు, నర్సింగరావు సాయబు వడ్నాల, లింగు, కాలేవార్. సమాజానికి అచ్చుయంత్రం సమకూర్చడానికి అయ్యావారు, ఆయన మిత్రులు ముందుకొచ్చారు. 1888 మేలో బొంబాయి జనం ఫూలేకు మహాత్మా బిరుదు ఇచ్చిన కాలంలో ఆయన చుట్టూ ఉన్న మనుషులు వీళ్లు. మన బడుల్లో ఫూలే పాఠం ఉంది, ఈ పేర్లు లేవు. ఉండాలి. ఊరు విడిచి కూలీలుగా పోయిన ఇళ్ల బిడ్డలు బొంబాయిలో కులాధిపత్యానికి ఎదురు నిలిచిన సంఘానికి అండగా నిలవడం తెలంగాణ చరిత్రలో చిన్న ఘట్టం కాదు.

కాలేవార్ వంటి పేర్ల చివర ‘వార్’ మన తెలుగు ‘వారు’ అని ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. నాందేడ్, చంద్రపూర్, యవత్మాల్ వైపు ఇలాంటి ఇంటిపేర్లు బోలెడు వినపడతాయి. ఆ కుటుంబాల్లో కొన్ని ఇవాళ ఇంట్లో మరాఠీయే మాట్లాడతాయి. పాత తెలుగు ఆ పేరులోనే మిగిలింది.

రాళ్ల పని వెనకాలే నేతపని పోయింది. 1854లో కావస్‌జీ దావర్ బొంబాయిలో నూలుమిల్లు మొదలుపెట్టాడు. మిల్లు బట్ట పల్లెకు దిగేకొద్దీ మగ్గం గుంతలు వట్టిపోయాయి. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు పడింది, అక్కడ బొంబాయి బండి దొరుకుతుంది. 20వ శతాబ్దం మొదటికల్లా నిజామాబాద్, బాసర, నాందేడ్ మీదుగా మన్మాడ్ చేరే గోదావరి లోయ రైలు కూడా వచ్చింది. జగిత్యాలకు రైలు ఈ 21వ శతాబ్దంలో గాని రాలేదు కాబట్టి మనవాళ్లు స్టేషన్ దాకా బండి కట్టుకునో, నడిచో పోయారు. ఎగువన నాసిక్‌లో పారేది కూడా మన గోదావరే. అక్కడి పురోహితులు యాత్రికుల పేర్లు, వాళ్ల పెద్దల పేర్లు పుస్తకాల్లో రాసి తరాలుగా దాచుకుంటారు. బొంబాయి పోతూనో వస్తూనో మన తాతలు అక్కడ మునిగి ఉంటే, మన రేవులో తప్పిపోయిన పేరు ఆ రేవులో దొరకవచ్చు. నాసిక్ పోయే వాళ్లెవరైనా ఊరి పేరు, కులం పేరు చెప్పి అడగాలి.

నేతవాళ్లు బొంబాయిలో ఆగలేదు. షోలాపూర్‌లో 1877లో మొదలైన పాత మిల్లు దగ్గర్నుంచి ఆ ఊరు పద్మశాలీలకు రెండో ఇల్లయింది. కూచన్, సాదుల్, వల్యాల్ అనే తెలుగు ఇంటిపేర్లవాళ్లు ఆ ఊరి నుంచి లోక్‌సభకు పోయారు. అక్కడి ఆడం నర్సయ్య ఎమ్మెల్యేగా ఉండి బీడీలు చుట్టే ఆడవాళ్లకు వేల ఇళ్ల కాలనీ కట్టించే పోరాటం నడిపారు. భివండిలో పద్మానగర్ అనే వాడే ఉంది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలై, మిల్లులు మళ్లీ తేరుకోనంతగా దెబ్బతిన్నాక, కొందరు భివండికి, కొందరు సూరత్‌కు, కొందరు తిరిగి సిరిసిల్లకు చేరారు. మహారాష్ట్రలో నేర్చిన మరమగ్గం పనిని వాళ్లు వెంట తెచ్చుకున్నారు. ఆ తర్వాతి తరం దుబాయి, మస్కట్ దారి పట్టింది. ముత్తాతది బొంబాయి, తాతది మిల్లు, తండ్రిది భివండి, కొడుకుది దుబాయి. మా వైపు ఎన్ని ఇళ్లకో వంశక్రమం ఇట్లనే ఉంటుంది.

ఈ వంశాలను నోటితో మోసినవాళ్లు మనకున్నారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు. మార్కండేయుని కథ, ఆయన కొడుకు భావనారుషి, సూర్యుని బిడ్డ భద్రావతి, వాళ్ల నూటొక్క కొడుకులు, నూటొక్క గోత్రాలు, ఇదంతా చేర్యాల నకాషీలు వేసిన పటం మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్తారు. ఆ పటం గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టి వేసిన బొమ్మలు తరాలపాటు చెక్కుచెదరవు. గొల్లలకు మందెచ్చులు, గౌడులకు గౌడజెట్టిలు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. కాపుల, రెడ్ల గోత్రాలు, ఇంటిపేర్లు వరసబెట్టి చెప్పే పిచ్చిగుంట్లవాళ్లకు ఇప్పుడు సర్కారు కాగితాల్లో వంశరాజులు అనే పేరుంది. ఆ పేరుకు వాళ్లు పూర్తిగా తగినవాళ్లు. ఫలానా ఇంటికి ఊర్లో ఏ వాటా, ఏ తరంలో ఎవరు ఎటు పోయారు, ఎవరికి సంతానం లేదు, ఇవన్నీ వాళ్ల నోట్లో ఉండేవి. ఇంటి ముందుకొచ్చి వంశం పొగిడితే గింజలు పెట్టి పంపడం మనకు తెలుసు, కూర్చోబెట్టి రాసుకోవడం తెలియలేదు. వాళ్ల పిల్లలు కూడా ఇప్పుడు చదువుకొని వేరే పనులకు పోతున్నారు, పోవాలి కూడా. కాబట్టి పెద్దవాళ్లు బతికుండగానే ఫోన్లో రికార్డు చేసుకోవాలి, గింజలు కాదు మంచి రుసుము ఇచ్చి మరీ.

కాగితం సాక్ష్యం కూడా మనం అనుకున్నంత తక్కువేమీ కాదు. తహసీల్ కచేరీలో సేత్వార్ అనే తొలి సర్వే రికార్డు ఉంటుంది, ఉర్దూలో. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరుతో పాటు సేద్యం చేసేవాడి పేరూ ఉంటుంది. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితాలో, సొంత పట్టా లేని ఇళ్లవాళ్ల పేర్లూ కనిపిస్తాయి. పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలుపుకుంటే మన లెక్క వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890-91. బొంబాయిలో మిల్లు గేటుపాసు, పీఎఫ్ చీటీ, బీఎంసీ తెలుగు బడి రిజిస్టరు, చాల్ గది అద్దె రసీదు కూడా సాక్ష్యాలే. మూతబడ్డ మిల్లుల కార్మికులకు, వారసులకు మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఇళ్ల లాటరీలు తీసినప్పుడు వారసత్వం రుజువు చేసుకోవాల్సి వచ్చింది. అప్పుడు ట్రంకుపెట్టెల అడుగు నుంచి తీసిన కాగితాలను దయచేసి పారేయకండి. ఆ పనికోసమే తీసినా, అవి వంశచరిత్రలు.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. పటం కథలో భద్రావతి పేరుంది, మన వంశవృక్షాల్లో మన అవ్వల పేర్లు లేవు. కొమ్మకు కొమ్మ కొడుకే. రైలెక్కిన మగవాడి వెనక, ఊర్లో ఉండి అత్తమామలను సాకి, బీడీలు చుట్టి, పిల్లలను బడికి పంపింది ఆమె. మట్టి తట్ట మోసిన కామాఠీల్లోనూ ఆడవాళ్లు ఉన్నారు కదా. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఇళ్లలో ఆడమనిషి సొంత పేరుతో, ఆమె పని లెక్కతో కనిపించే మొదటి కాగితం చాలాసార్లు బీడీ కార్మికుల గుర్తింపు కార్డు. 1966 బీడీ కార్మికుల చట్టం, 1976 సంక్షేమ నిధి చట్టం తర్వాత పెరిగిన కాగితాలు అవి. పుట్టింటి ఇంటిపేరు, తల్లి పేరు, ఏ ఊరి నుంచి కోడలుగా వచ్చింది, ఇవి కూడా రాస్తేనే వంశవృక్షం నిండుతుంది. మా ఊరికి చుట్టాలు ఏయే ఊళ్లలో ఉన్నారో కోడళ్ల లెక్క తీస్తేనే తెలుస్తుంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో వచ్చినట్టే ముంబై, షోలాపూర్, భివండి, సూరత్ నుంచి మన బిడ్డలు ధర్మపురి రేవుకు వస్తారు. వచ్చేటప్పుడు ఒక కాగితం మీద మీ ఇంటిపేరు, గోత్రం, మొదట ఊరు విడిచిన మనిషి పేరు, ఆయన భార్య పేరు, ఏ ఊరి నుంచి, సుమారు ఏ సంవత్సరంలో, ఏ పనికి పోయారో రాసుకొని రండి. తెలిసినంతే రాయండి, తెలియని చోట ఖాళీ వదలండి. పిండం పెట్టేటప్పుడు ఆ పేర్లు చదివించండి, ఒక నకలు మా ఊరి గ్రంథాలయంలో ఇచ్చి పోండి. ఊర్లో ఉన్న మనం ఇప్పటినుంచే వాడకట్టు వారీగా పెద్దలను అడిగి రాయడం మొదలుపెడదాం. ఎనభై దాటిన అవ్వ, తాత ఉన్న ఇంటికి ముందు పోదాం.