వలస బేకరీ కుటుంబాలు: కోలారు నుంచి హైదరాబాదు దాకా

దక్షిణ భారతంలో రొట్టె, కేకు, బిస్కెట్ల వ్యాపారాన్ని పెంచినవాళ్ళలో ఊరు విడిచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. వలస వచ్చినవాడికి పొలం ఉండదు, తాతలనాటి ఖాతాలూ ఉండవు. ఒక బట్టీ, మైదా, చక్కెర, తెల్లవారుజామునే లేచి పిండి కలిపే ఇంటిమనుషులు ఉంటే బేకరీ నడుస్తుంది. అమెరికాలో జర్మన్లు పట్టుకున్న దారీ ఇదే. జర్మనీ నుంచి వెళ్ళిన విలియం ఎంటెన్‌మన్ 1898లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో బేకరీ తెరిచాడు. అతని వారసులు మూడు తరాలపాటు నడిపి 1978లో దాన్ని అమ్మేశారు.

కోలారు జిల్లాలో సీమరొట్టె అలవాటు బంగారు గనుల వెంట వచ్చింది. 1880 తర్వాత జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ గనుల తవ్వకం చేపట్టింది. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళు, ఇతర ప్రాంతాల నుంచి ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు గనుల ఊరు కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) చేరాయి. ఆ ఊరికి 'లిటిల్ ఇంగ్లాండ్' అన్న పేరు ఊరికే రాలేదు. చుట్టూ క్యాసంబళ్ళి వంటి పల్లెల్లో రాగిముద్ద తింటుంటే, గని బంగళాల్లో పొద్దున్నే రొట్టె, వెన్న ఉండేవి. క్రిస్మస్‌కు ఆంగ్లో-ఇండియన్ ఇళ్ళలో ప్లమ్ కేకు, రోజ్ కుకీలు, కల్‌కల్స్ చేసుకునేవారు. 2001లో గనులు మూతపడ్డాయి. ఆ కుటుంబాల్లో చాలామంది అంతకు ముందే ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో తరలిపోయారు.

ఇవాళ కోలారు వైపు కనిపించే అయ్యంగార్ బేకరీల వంశం వేరు. హాసన్ ప్రాంతం నుంచి బెంగళూరు వచ్చిన హెచ్.ఎస్. తిరుమలాచార్ 1898లో చిక్కపేటలో 'బెంగళూరు బ్రదర్స్ బేకరీ' పెట్టాడు. మిఠాయి దుకాణానికి వచ్చే ఒక ఇంగ్లీషు దొర ఆయనకు రొట్టె కాల్చడం నేర్పాడని చెబుతారు. గుడ్డు లేకుండా చేయడమే ఈ బేకరీల గుట్టు. పులిసిన పిండి, గుడ్డు అనగానే ముఖం తిప్పుకునే శాకాహారుల ఇళ్ళలోకి కేకు వెళ్ళగలిగింది అందువల్లే. పెట్టుబడి కన్నా ఆచారమే పెద్ద అడ్డంకి అయిన వ్యాపారంలో ఇది చిన్న విజయం కాదు. ఒకరు నిలదొక్కుకుంటే ఊళ్ళోని బంధువులను పిలిపించుకుని పని నేర్పేవారు, వాళ్ళు మరో వీధిలోనో మరో ఊళ్ళోనో సొంతంగా తెరిచేవారు. ఖారా బన్ను, దిల్‌పసంద్, హనీ కేకు, కాంగ్రెస్ కడలెకాయి ఆ దారిలోనే కర్ణాటక ఊళ్ళన్నిటికీ చేరాయి.

హైదరాబాదులో ఇరానీలు చాయ్ హోటళ్ళతోపాటు బన్ను, బిస్కెట్టు అలవాటు చేశారు. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. ఉస్మానియా బిస్కెట్టు ఎవరు మొదట చేశారన్నదానికి మాత్రం ఎవరి కథ వారిదే. ఆ తగవు తేలేది కాదు.

తెలుగు నేలమీద వలస బేకరీ కుటుంబం అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది రామ్నానీలది. దేశ విభజనలో సింధు రాష్ట్రం మొత్తం పాకిస్తానుకు పోయింది. పంజాబు, బెంగాలులా అది రెండుగా చీలలేదు కాబట్టి, సింధీ హిందువులకు సరిహద్దు ఇవతల తమదనే రాష్ట్రం మిగల్లేదు. 1948 జనవరి 6న కరాచీలో జరిగిన అల్లర్ల తర్వాత వలస ఇంకా పెరిగింది. అలా వచ్చిన కుటుంబాల్లోని ఖాన్‌చంద్ రామ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర దుకాణం తెరిచి, విడిచి వచ్చిన ఊరి పేరే పెట్టుకున్నాడు. కరాచీ బేకరీకి పేరు తెచ్చింది ఫ్రూట్ బిస్కెట్టు. టూటీఫ్రూటీ, జీడిపప్పు వేసిన ఆ బిస్కెట్ల డబ్బా లేకుండా హైదరాబాదు నుంచి అమెరికా విమానమెక్కే పెట్టెలు తక్కువే.

గిరాకీ తెచ్చిన పేరే ఉద్రిక్త సమయాల్లో భారమైంది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు ఇందిరానగర్ శాఖ ముందు కొందరు గొడవ చేయడంతో, బోర్డుమీద 'కరాచీ' మాటకు గుడ్డ కప్పాల్సి వచ్చింది. 2025 మేలో భారత్, పాకిస్తాన్ ఘర్షణ వేళ విశాఖపట్నంలో నిరసన జరిగింది. శంషాబాద్ శాఖ దగ్గర బోర్డును కొట్టారు. తమది హైదరాబాదులో పుట్టిన సంస్థ అని, పేరు తాతగారి వలస గుర్తని కుటుంబం వివరణ ఇచ్చింది. పాకిస్తానులో బతకలేక వచ్చినవాడి దుకాణాన్ని పాకిస్తానుదిగా చూడటం చరిత్ర తెలియక చేసే పని. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా జర్మన్లకూ ఇదే పరీక్ష ఎదురైంది. 1917 తర్వాత జర్మన్ పేర్లున్న దుకాణాలు బోర్డులు మార్చుకున్నాయి, జర్మన్ల పులిసిన క్యాబేజీ సవర్‌క్రౌట్ 'లిబర్టీ క్యాబేజీ' అయింది.

అమెరికాలో ఎంటెన్‌మన్ పేరు కేకు పెట్టెలమీద మిగిలింది కానీ వ్యాపారం కుటుంబం చేయి దాటింది. హైదరాబాదులో పేరూ, వ్యాపారమూ రెండూ రామ్నానీల దగ్గరే ఉన్నాయి.