ఉచిత ఫోను చరిత్ర – పింఛనుదారులకు అది చెప్పే పాఠాలు

మన సంఘ సభ్యులలో చాలామంది సర్వీసులో చేరిన రోజులలో ఫోను అనేది ఆఫీసరు గారి బల్లమీద మాత్రమే ఉండే వస్తువు. ఈనాడు మనలో ఒక్కొక్కరి జేబులో ఒకటి, మనవడి చేతిలో ఒకటి, బీరువాలో వాడని సిమ్ కార్డు మరొకటి ఉంటున్నాయి. ఇంత మార్పు ఒక్క తరంలోనే వచ్చింది. ఈ మార్పు పొడుగునా మనల్ని వెన్నంటి వచ్చిన మాట ఒకటుంది. అదే ‘ఉచితం’. ఏ కాలంలో ఏది ఉచితంగా ఇచ్చారు, దాని ఖర్చు ఎవరు భరించారు, ఆ ఉచితం ఎన్నాళ్ళు నిలిచింది అన్న విషయాలను వరుసగా చెప్పుకుంటే, రేపు మన ముందుకు రాబోయే ప్రకటనలను అర్థం చేసుకోవడం తేలికవుతుంది.

ఫోనుకోసం పడిగాపులు

1994లో కేంద్ర ప్రభుత్వం జాతీయ టెలికాం విధానాన్ని ప్రకటించేనాటికి దేశంలో నూరుమందికి ఒక ఫోను కూడా లేదు. ఆ విధాన పత్రమే చెప్పిన లెక్క ప్రకారం సాంద్రత నూటికి 0.8 మాత్రమే. సుమారు 80 లక్షల లైన్లు ఉండగా, దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నవారు సుమారు 25 లక్షలు. ముందుగా పెద్ద మొత్తం డిపాజిట్ కట్టినవారికి ‘ఓన్ యువర్ టెలిఫోన్’ పథకం కింద కొంత ప్రాధాన్యం ఉండేది. మిగిలినవారు ఏళ్ళ తరబడి వేచి ఉండవలసిందే.

పొరుగూరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేయాలి. 1960లో కాన్పూరు–లక్నోల మధ్య మొదలైన ఎస్.టి.డి. క్రమంగా మన పట్టణాలకూ వచ్చాక, పసుపురంగు బోర్డుల పి.సి.ఓ.లు వీధివీధినా వెలిశాయి. రాత్రి 11 గంటలు దాటితే పావు ఛార్జీ కాబట్టి, పిల్లలతో మాట్లాడడానికి ఆ వేళ దాకా మేలుకుని వరుసలో నిలబడిన తల్లిదండ్రులు ఎందరో. ఆ కాలంలో రాయితీ అంటే అదే. అది గడియారం చూసుకుని వాడుకోవలసిన రాయితీ. ఇంటి ఫోను అద్దెలో కలిపి ఇచ్చే కొన్ని ఉచిత కాల్స్‌ను కూడా మనవారు పుస్తకంలో గీతలు గీసి మరీ లెక్క పెట్టుకునేవారు. ఆ అలవాటు మంచిదే. ఇప్పుడు మరింత అవసరం కూడా.

ఇరువైపులా బిల్లు

1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో దేశంలో మొబైల్ ఫోను శకం మొదలైంది. మన ఆంధ్రప్రదేశ్‌లో తొలి రోజులలో టాటా సెల్యులార్, జె.టి. మొబైల్స్ అనే కంపెనీలు సేవలందించాయి. తరువాతి కాలంలో మొదటిది ఐడియాలోనూ, రెండవది ఎయిర్‌టెల్‌లోనూ కలిసిపోయాయి.

అప్పటి ఛార్జీలు తలచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల 80 పైసల దాకా వసూలు చేసేవారు. మాట్లాడినవారితో పాటు, ఫోను అందుకున్నవారు కూడా డబ్బు కట్టాలి. అందుకే ఫోను మోగగానే నంబరు చూసి, కట్ చేసి, దగ్గరలోని బూత్ నుంచి తిరిగి చేసేవారు. ‘మిస్డ్ కాల్’ అనే ఉచిత సేవను కనిపెట్టింది కంపెనీలు కావు, మన జనమే.

ఇన్‌కమింగ్ ఎలా ఉచితమైంది?

1997లో టెలికాం నియంత్రణ సంస్థ ‘ట్రాయ్’ ఏర్పడింది. 2000 అక్టోబరు 1న టెలికాం శాఖ సేవలు బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థగా మారాయి. 2002 అక్టోబరులో ఆ సంస్థ ‘సెల్‌వన్’ పేరుతో మొబైల్ రంగంలోకి దిగింది. 2003 మే 1 నుంచి ట్రాయ్ కొత్త పద్ధతి అమలులోకి వచ్చి, ఫోను అందుకునేవారికి ఛార్జీ లేకుండా పోయింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఇన్‌కమింగ్ ‘ఉచితం’ అయిందే గాని, ఖర్చు మాయం కాలేదు. కాల్ చేసినవారి కంపెనీ, అందుకున్నవారి కంపెనీకి నిమిషానికి ఇంత అని చెల్లించే ఏర్పాటు జరిగింది. ఆ సొమ్ము చేసినవారి ఛార్జీలోనే కలిసి ఉండేది. ఈ చెల్లింపు 2017 అక్టోబరులో 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గి, 2021 జనవరి 1 నుంచి సున్నా అయింది. అంటే ఒకరికి ఉచితమైనది మరొకరి బిల్లులో కనబడింది. ఫోను ఉచితాల చరిత్రలో ఇది మొదటి సూత్రం.

501 రూపాయల ఫోను

2003 జూలైలో రిలయన్స్ సంస్థ ‘మాన్‌సూన్ హంగామా’ పేరిట 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టింది. అంతవరకు సెల్‌ఫోను పట్టుకోని చిన్న ఉద్యోగులు, వ్యాపారులు, ఆటో డ్రైవర్లు ఒక్కసారిగా ముందుకు వచ్చారు. ఆ పథకం చేసిన మేలు చిన్నది కాదు. ఫోను ధనవంతుల ఆభరణం అన్న అభిప్రాయాన్ని అది తుడిచేసింది. అయితే 501 అన్నది మొదటి చెల్లింపు మాత్రమే. మిగిలిన భారం నెలనెలా బిల్లుల రూపంలో వచ్చేది. మొదటి అంకె చూసి తీసుకున్నవారికి చివరి అంకె తరువాత తెలిసింది. ఇది రెండవ సూత్రం.

2006 మార్చి 1న బి.ఎస్.ఎన్.ఎల్., ఎం.టి.ఎన్.ఎల్. సంస్థలు ‘వన్ ఇండియా’ పథకంతో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నాయి. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అన్నది. ఇవి ఉచితాలు కావు, కానీ అనేక ఉచితాలకంటె ఎక్కువ మేలు చేశాయి. ఎంత వాడితే ఎంత అవుతుందో సామాన్యుడికి స్పష్టంగా తెలిసింది కదా!

జీవితకాలం అంటే ఎంతకాలం?

2005 చివరలో ‘లైఫ్‌టైమ్’ పథకాలు వచ్చాయి. ఎయిర్‌టెల్ 999 రూపాయలు ఒక్కసారి కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ ఉంటుందన్నది. ఇతర కంపెనీలూ అదే బాట పట్టాయి. పింఛనుదారులకు ఇంతకంటె నచ్చే మాట ఏముంటుంది? ఎందరో కట్టారు. అయితే ఎవరి జీవితకాలం? ఈ ప్రశ్నకు ట్రాయ్ 2006లోనే జవాబు చెప్పింది. కంపెనీకి లైసెన్సు ఉన్నంతకాలమే జీవితకాలమని, ఆ గడువు ఎప్పటితో ముగుస్తుందో వినియోగదారుకు తెలియజేయాలని ఆదేశించింది.

2018 చివరలో ప్రైవేటు కంపెనీలు నెలవారీ కనీస రీఛార్జి పద్ధతి తెచ్చాయి. 28 రోజులకు 35 రూపాయలు వేయకపోతే సేవలు ఆగుతాయని సందేశాలు వచ్చాయి. పాత లైఫ్‌టైమ్ ధీమాతో ఉన్నవారు కంగుతిన్నారు. నిల్వ ఉన్నవారి సేవలను హఠాత్తుగా ఆపవద్దని ట్రాయ్ కలుగజేసుకున్నా, కనీస రీఛార్జి మాత్రం నిలిచిపోయింది. పత్రంలో ఉన్న చిన్న అక్షరాల గడువే అసలు గడువు. ఇది మూడవ సూత్రం.

2016 నాటి పందెం

2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమయ్యాయి. మాటలు, డేటా అన్నీ ఉచితం. డిసెంబరు 31తో ముగియవలసిన ‘వెల్‌కమ్ ఆఫర్’ తరువాత, ‘హ్యాపీ న్యూ ఇయర్’ పేరుతో 2017 మార్చి 31 దాకా మరొకటి వచ్చింది. ప్రచార పథకాలకు 90 రోజుల పరిమితి ఉన్న నిబంధనపై పెద్ద వివాదమే నడిచింది. 170 రోజులలో 10 కోట్లమంది చేరారు. 2017 జూలైలో 1500 రూపాయల డిపాజిట్‌పై, మూడేళ్ళ తరువాత తిరిగి ఇచ్చే షరతుతో ఫోనునే ఇస్తామని ప్రకటించారు.

ఈ పోటీ వల్ల సామాన్యుడికి డేటా చౌకైంది. విదేశాలలో ఉన్న పిల్లల ముఖం రోజూ చూడగలిగే భాగ్యం మనకు కలిగింది. రెండవవైపు, పోటీకి తట్టుకోలేని కంపెనీలు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. 2018లో ఎయిర్‌సెల్ దివాలా తీసింది. అదే ఏడు వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. పందెంలో మిగిలినవారు కొద్దిమందే కావడంతో 2019 డిసెంబరులోనూ, 2021 చివరలోనూ, 2024 జూలైలోనూ ఛార్జీలు పెరిగాయి. ఆనాటి ఉచితానికి ఈనాడు వాయిదాలు కడుతున్నామన్నా తప్పులేదు. అయినా ఆ ఆరేడు నెలలలో ఎవరు తెలివిగా లాభపడ్డారు? పాత నంబరును అలాగే ఉంచుకుని, కొత్త సిమ్‌ను రెండవ గడిలో వేసుకున్నవారు. మూసివేతలప్పుడు చిక్కులు పడ్డవారు, ఉన్న ఒక్క నంబరునూ ఆలస్యంగా మార్చుకోబోయినవారు.

అమెరికాలో ‘ఉచిత లైను’

మన సభ్యుల పిల్లలు అనేకులు అమెరికాలో ఉన్నారు. అక్కడ కుటుంబమంతటికీ కలిపి ఒకే బిల్లు ఉండే పథకాలు ప్రసిద్ధం. రెండు మూడు లైన్లు తీసుకుంటే మరొక లైను ఉచితమని కంపెనీలు ప్రకటిస్తుంటాయి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ లైను వారికిస్తే సరిపోతుందని పిల్లలు తీసుకుంటారు. సాధారణంగా ఆ ఉచితం ప్రతి నెలా బిల్లులో తగ్గింపుగా వస్తుంది. పన్నులు, రుసుములు విడిగా పడవచ్చు. డబ్బు కట్టే లైన్లలో ఒకదానిని రద్దు చేస్తే, ఉచిత లైను తగ్గింపు కూడా పోయే షరతులుంటాయి. పేర్లు వేరైనా, పైన చెప్పిన సూత్రాలే అక్కడా వర్తిస్తాయి.

మనకు అంతకంటె ముఖ్యమైనది, ఆరు నెలలు అక్కడ ఉండగా ఇక్కడి నంబరు ఏమవుతుందన్నది. బ్యాంకు ఖాతా, ఆధార్, 2014 నవంబరులో మొదలైన ‘జీవన్ ప్రమాణ్’ డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ – అన్నిటికీ మనం ఇచ్చింది ఆ నంబరే. రీఛార్జి గడువు ముగిసి, వాడకం లేక 90 రోజులు దాటితే నంబరు రద్దు కావచ్చు. ప్రీపెయిడ్ ఖాతాలో 20 రూపాయల నిల్వ ఉంటే రద్దు చేయరాదని 2013 నాటి ట్రాయ్ నిబంధన. రద్దయిన నంబరును 90 రోజుల తరువాత వేరొకరికి ఇచ్చే వీలుందని 2023లో సుప్రీంకోర్టులో ట్రాయ్ తెలిపింది. మన బ్యాంకు సందేశాలు పరాయివారి చేతికి వెళ్ళే ప్రమాదం అలా వస్తుంది. ఉచిత లైను దొరికిందన్న సంతోషంలో ఈ నంబరును మరవరాదు.

చరిత్ర నుంచి ఆచరణకు

సభ్యుల సౌకర్యార్థం, పై చరిత్ర నుంచి తేలే కొన్ని సూచనలు ఇక్కడ పొందుపరుస్తున్నాము.

1. పింఛను, బ్యాంకు పనులకు ఇచ్చిన నంబరుతో ఏ ఆఫర్ ప్రయోగమూ చేయవద్దు. ఆఫర్లకు రెండవ సిమ్ వాడండి.

2. విదేశం వెళ్ళేముందు, తిరిగి వచ్చేదాకా సరిపోయే గడువున్న రీఛార్జి వేయించండి. అక్కడ బ్యాంకు సందేశాలు అందాలంటే ఏ సదుపాయం తీసుకోవాలో ముందే కంపెనీవారిని అడగండి.

3. 28 రోజుల పథకమైతే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జిలు. 2022 జనవరి నాటి ట్రాయ్ ఉత్తర్వు ప్రకారం 30 రోజుల పథకం కనీసం ఒకటి ప్రతి కంపెనీ ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

4. డేటా వాడనివారు దానికి డబ్బు కట్టనవసరం లేదు. మాటలకు, సందేశాలకు మాత్రమే పనికివచ్చే పథకాలు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. వీటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చు.

5. సేవ బాగాలేకపోతే నంబరు మారకుండానే కంపెనీ మారవచ్చు. ఈ హక్కు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. కొత్తగా చేరిన కంపెనీలో 90 రోజులు ఉండాలన్న నియమం గుర్తుంచుకోండి.

6. ఉచిత సిమ్ అని వీధిలో అడిగినవారికి ఆధార్, వేలిముద్ర ఇవ్వవద్దు. మన పేరిట 9 కనెక్షన్లకు మించి ఉండరాదు. మించితే 2023 టెలికాం చట్టం ప్రకారం జరిమానా ఉంది. మన పేర ఎన్ని ఉన్నాయో ప్రభుత్వ ‘సంచార్ సాథీ’ సేవలో పిల్లల చేత చూపించుకోండి.

ఉచితాన్ని వద్దనవలసిన పనిలేదు. కంపెనీల పోటీ వల్ల దొరికే మేలును అనుభవించడం మన హక్కు. కాని ముప్పై నలభై ఏళ్ళు ప్రభుత్వ ఫైళ్ళలో ప్రతి షరతును చదివి సంతకం చేసినవారం మనం. అదే జాగ్రత్తను మన సొంత ఫోను విషయంలో కూడా పాటిస్తే, ఉచితం నిజంగా మనకు ఉచితమవుతుంది. ఈ విషయాలను ఇంట్లో అందరితో, ముఖ్యంగా ఒంటరిగా ఉంటున్న కుటుంబ పింఛనుదారులతో చర్చించవలసిందిగా సభ్యులకు మనవి.