బుల్లెట్టా, యెజ్డీనా? - మన కాలనీల్లో ఒక పాత తగాదా

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. గనుల చరిత్ర, సమ్మెల చరిత్ర రాయడానికి నాకంటే తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను 1971లో వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ముప్పయ్యెనిమిదేళ్ళు నట్లతో, బోల్టులతో గడిపి 2009లో పదవీ విరమణ చేసినవాణ్ణి. కనుక నాకు తెలిసిన బండ్ల సంగతే రాస్తున్నాను.

ఇందుకు కారణం మా మనవడు. వాడు జర్మనీలో చదువుకుంటున్నాడు. అక్కడి స్పోర్ట్స్ కార్లలో పోర్షే గొప్పదా, బీఎండబ్ల్యూ గొప్పదా అని వాళ్ళ గదిలో రోజూ వాదులాటేనట. "నువ్వు ఫిట్టరువు గదా తాతా, నువ్వు చెప్పు" అని ఫోనులో అడిగాడు. పోర్షే 911కు ఇంజను వెనుక ఇరుసుకు కూడా వెనకాల ఉంటుందని విన్నానే గాని, నేను దాన్ని ముట్టుకున్నదీ లేదు, విప్పిందీ లేదు. విప్పని బండి మీద ఫిట్టరు తీర్పు చెప్పకూడదని అన్నాను. అయితే అలాంటి తగాదా మా మందమర్రిలోనూ ఉండేదని చెబితే వాడు నమ్మలేదు.

డెబ్భయ్యవ దశకంలో కాలనీలో సైకిలే అందరి వాహనం. మొదటి షిఫ్టుకు తెల్లవారుజామున కళ్యాణిఖని దారి పొడుగునా సైకిళ్ళే. స్కూటరు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూడాలి. అందువల్ల కాస్త స్థోమత కలిగినవారు పాత మోటారు సైకిళ్ళు కొనేవారు. అవి ముఖ్యంగా మూడు రకాలు: బుల్లెట్, జావా లేక యెజ్డీ, రాజ్‌దూత్. రాజ్‌దూత్ ఎస్కార్ట్స్ వారు పోలండు నమూనా మీద చేసిన 175 బండి, మూడే గేర్లు. పాలక్యాన్లు కట్టుకుని ఎంత బురదలోనైనా పోయేది. 1973లో 'బాబీ' సినిమా వచ్చాక దాని చిన్న తమ్ముడికి కుర్రకారులో పేరొచ్చింది. కాని మా కట్ట మీద తగాదాలోకి రాజ్‌దూత్‌ను ఎవరూ రానిచ్చేవారు కాదు. అది అన్యాయమేనని ఇప్పుడు అనిపిస్తుంది.

అసలు పోరు బుల్లెట్‌కూ యెజ్డీకీ. బుల్లెట్ పుట్టింది ఇంగ్లండులో. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి ఇక్కడే తయారు చేయసాగింది. యెజ్డీ మైసూరు బండి. ఐడియల్ జావా కంపెనీ 1961 నుండి అక్కడ జావాలు చేసి, డెబ్భయ్యవ దశకంలో యెజ్డీ అని పేరు మార్చింది. జావా అనే పేరు వెనుక ఒక కథ ఉంది. ప్రాగ్ నగరంలో జానెచెక్ అనే ఆయన 1929లో జర్మనీకి చెందిన వాండరర్ కంపెనీ నుండి మోటారు సైకిలు నమూనా తీసుకున్నాడు. తన పేరులోని 'జా', వాండరర్‌లోని 'వా' కలిపి జావా అన్నాడు. ఆ వాండరరే 1932లో మరి మూడు కంపెనీలతో కలిసింది. ఈనాడు ఆడి కారు మీద కనిపించే నాలుగు ఉంగరాల్లో ఒకటి దానిదే. ఈ ముక్క చెప్పాక మనవడికి నా యెజ్డీ మీద కొంచెం గౌరవం కలిగింది.

నా యెజ్డీ 1979లో పాతది కొన్నాను. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు అయ్యేది. గేరు మారుస్తుంటే క్లచ్చు దానంతట అదే వదిలేది. టూ స్ట్రోకు కాబట్టి కవాటాలు లేవు, టాపెట్ల బాధ లేదు. ప్లగ్గు తుడిచి, పాయింట్ల మధ్య ఎడం సరిచేసి, కార్బొరేటరు జెట్టు ఊదితే సగం రోగాలు పోయేవి. ఆరు నెలలకోసారి సైలెన్సరు లోపలి గొట్టం ఊడదీసి మసి కాల్చాలి. ఇంటి వెనుక ఆ పని పెట్టుకున్న రోజు మా ఇంటావిడ ఆరేసిన బట్టలన్నీ ముందే లోపలికి తెచ్చుకునేది. బొగ్గు దుమ్ము ఊరు కావడంతో గాలి వడపోత జాలీని వారం వారం కడిగేవాణ్ణి.

పక్క క్వార్టరు అన్నది బుల్లెట్. ఆయన గనిలో ఓవర్‌మన్. ఆ బండి 346 సీసీ, ఫోర్ స్ట్రోకు, బరువు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నా బండికి సరిగ్గా అదే తలకిందులు. ఒకసారి బండ్లు మార్చుకుని మంచిర్యాల పోయాం. ఆవు అడ్డం వస్తే నేను బ్రేకు అనుకుని గేరు తొక్కాను. బుల్లెట్‌కు కిక్కు కొట్టడం ఒక విద్య. అమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా రాడ్డును మెల్లగా నొక్కాలి, డీకంప్రెసర్ లివరు పట్టుకుని ఇంకొంచెం దించాలి, వదిలి అప్పుడు తన్నాలి. తొందరపడితే రాడ్డు ఎదురు తన్ని చీలమండకు దెబ్బ తగులుతుంది.

"నీది మిషనా, మిడతా?" అని అన్న ఎగతాళి. "నీ బండి కింద పళ్ళెం పెట్టు, కారిన ఆయిలుతో నా బండి నడిపిస్త" అని నా జవాబు. ఇలా రెండేళ్ళు గడిచాయి.

1981 వానకాలంలో మా తమ్ముడు నా బండి తీసుకుని బెల్లంపల్లి వెళ్ళాడు. దారిలో పెట్రోలు పోయించుకున్నాడు. టూ స్ట్రోకు బండికి పెట్రోలులోనే ఆయిలు కలపాలి, లీటరుకు ముప్పై నలభై మిల్లీలీటర్లు. పిస్టనుకు తడి అందేది దాంతోనే. ఆ సంగతి వాడికి చెప్పనిది నేనే. ఆయిలు డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. తిరుగు ప్రయాణంలో వట్టి పెట్రోలుతో ఇంజను కాలి పట్టేసింది. వెనుక చక్రం బిగుసుకుని వాడు జారిపడ్డాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, అంతటితో పోయింది. సాయంత్రానికి బండిని లారీలో తెచ్చి, సిలిండరు ఊడదీసి, గోనెపట్టా మీద పరిచాను.

ఆ రాత్రే బాపుకు ఆయాసం ఎక్కువైంది. బయట వాన. కూర్చోలేడు, పడుకోలేడు, పెదవులు నల్లబడుతున్నాయి. నా బండి గోనెపట్టా మీద ఉంది. పోయి అన్న తలుపు కొట్టాను. ఆయన రెండో షిఫ్టు దిగి వచ్చి అప్పుడే అన్నం ముందు కూర్చున్నాడు. చేయి కడుక్కుని లేచాడు.

బుల్లెట్ తడిసి ఉంది. నాకు ఒళ్ళంతా మంట, తన్ను తన్ను అని అరవాలని ఉంది. అన్న మాత్రం టార్చి వెలుగులో అమ్మీటరు చూస్తూ రాడ్డును మెల్లగా నొక్కుతున్నాడు. లివరు పట్టుకున్నాడు, దించాడు, వదిలాడు. "తొందరపడితే ఇది మాట వినది తమ్మీ" అన్నాడు. ఒక్క తన్నుకే అందుకుంది. బాపును మధ్యలో కూర్చోబెట్టి, నేను వెనుక నుండి పట్టుకుని కూర్చున్నాను. ముగ్గురి బరువుతో నీళ్ళు నిలిచిన దారిలో ఆ బండి ఎక్కడా తడబడకుండా ఆసుపత్రికి చేర్చింది. బాపు ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు.

వారం తర్వాత హైదరాబాదు పోయి, పుత్లీబౌలీలో ఓవర్‌సైజు పిస్టను, రింగులు కొని, సిలిండరు బోరు చేయించుకొచ్చాను. మళ్ళీ సాయంత్రాలు కట్ట మీద పాత తగాదా మొదలైంది. కాని అన్న ఆ రాత్రి మాట ఏనాడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను అక్కడే ఓడిపోయేవాణ్ణి. దానికి బదులుగా ఆ బుల్లెట్ టాపెట్లు, గాస్కెట్లు నేనే చూసేవాణ్ణి. ఆయిలు కారడం మాత్రం నాతో పూర్తిగా ఆగలేదు.

తర్వాతి కాలంలో ఇంకా జోరైన బండ్లు వచ్చాయి. యమహా నమూనాతో 1983లో రాజ్‌దూత్ 350 వచ్చింది. అది మెరుపే గాని పెట్రోలు తాగేది, అందుకే మనబోటివాళ్ళకు దూరం. ఎన్‌ఫీల్డ్ వారే జర్మనీలోని జుండాప్ కంపెనీ నమూనా తీసుకుని ఫ్యూరీ అనే బండి చేశారు. అయిదు గేర్లు, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు. మన దేశంలో అప్పటికి అది వింత. కాని 1984లో జుండాప్ దివాలా తీసింది, ఇక్కడ ఫ్యూరీ కూడా ఎక్కువకాలం నిలవలేదు.

జుండాప్ పేరు చెబితే మనవడు ఇంకో సంగతి వెతికి పంపాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైన్యానికి సైడుకారు మోటారు సైకిళ్ళు ఇచ్చిన కంపెనీల్లో జుండాప్, బీఎండబ్ల్యూ ఉన్నాయి. జుండాప్‌ది కేఎస్ 750, బీఎండబ్ల్యూది ఆర్ 75. రెంటికీ సైడుకారు చక్రం కూడా తిరుగుతుంది, వెనక్కి నడిచే గేరు ఉంది. ఏది మేలని పోటీ నడుస్తుండగా సైన్యం, వెనుక చక్రం గేర్ల భాగం జుండాప్‌దే వాడమని బీఎండబ్ల్యూ మీద ఒత్తిడి తెచ్చింది. దాంతో చాలా సామాన్లు రెండు బండ్లకూ ఒకటే అయ్యాయి. ఇసుకలో, బురదలో చెడిపోయిన బండికి పక్క బండి సామాను బిగించుకోవచ్చు. వర్క్‌షాపులో పనిచేసిన వారెవరైనా ఆ ఉత్తర్వు ఇచ్చినవాడికి దండం పెడతారు. నా యెజ్డీ చెడిన రాత్రి అన్న బుల్లెట్ నుండి నాకు పనికొచ్చే సామాను ఒక్కటీ లేదు, మనిషి తప్ప.

మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లతో కొత్త కంపెనీ బండ్లు తెచ్చింది. అవి ఫోర్ స్ట్రోకు, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్షన్. ఆయిలు కలపనక్కర లేదు, కాని తేడా వస్తే నా స్పానరుకు పనిలేదు. ఎన్‌ఫీల్డ్ 1994లో ఐషర్ చేతికి వెళ్ళి ఎంత పెద్దదైందో అందరికీ తెలుసు. కట్ట మీద లెక్కలో అన్నే గెలిచాడు.

అన్న 2014లో కాలం చేశాడు. మొన్న సంక్రాంతికి కొడుకు వచ్చి, రేకుల షెడ్డులో ఉన్న బుల్లెట్ చూపించి, "బాబాయ్, అమ్మేద్దామా, నడుస్తదా?" అని అడిగాడు. విప్పి చూశాను. బోరు బాగుంది, రింగులు మారిస్తే చాలు. క్లచ్చు ప్లేట్లు కొత్తవి వేశాను. నా మోకాళ్ళతో కిక్కు కొట్టలేను, అందుకని కుర్రవాడికి నేర్పుతున్నాను. అయితే అమ్మీటరు ముల్లు కదలడం లేదు. కొత్తది దొరుకుతుంది గాని, వాళ్ళ నాయన చూసిన రకమే కావాలని వాడి పట్టుదల. పాత 350 అమ్మీటరు ఎవరి అటక మీదనైనా ఉంటే సంఘం ఆఫీసులో ఇచ్చి కబురు చేయండి. ఖరీదు ఎంతైనా ఇస్తాము.