సింగపూర్‌లో కాపురం: రోజువారీ నియమాల వెనుక చరిత్ర

సింగపూర్‌లో ఊరూ దేశమూ ఒకటే. వైశాల్యం సుమారు 735 చదరపు కిలోమీటర్లు, జనాభా 60 లక్షలకు పైగా. 1819లో ఈస్టిండియా కంపెనీ తరఫున స్టాంఫర్డ్ రాఫిల్స్ ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పాడు. 1867 వరకు భారతదేశంలోని బ్రిటిష్ ప్రభుత్వమే దీన్ని పాలించింది. ఆ తర్వాత నేరుగా లండన్ ఏలుబడిలోకి వెళ్లింది. 1942 నుంచి 1945 దాకా జపాన్ ఆక్రమణలో ఉంది. 1959లో స్వపరిపాలన వచ్చింది. 1963లో మలేషియాలో చేరి, రెండేళ్లు నిండకుండానే 1965 ఆగస్టు 9న వేరుపడింది. అప్పటికి ఇళ్లు చాలవు, తాగునీటికి పొరుగుదేశమే దిక్కు, జాతుల మధ్య కొట్లాటలు జరిగి ఏడాదే అయింది, విస్తరించడానికి నేల లేదు. ఇక్కడ కొత్తగా కాపురం పెట్టేవారికి ఎదురయ్యే నియమాల్లో ఎక్కువ భాగం ఆ ఇబ్బందుల నుంచి పుట్టినవే.

ఇల్లు

పౌరులు, శాశ్వత నివాసుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా హెచ్.డి.బి. ఫ్లాట్లలోనే ఉంటారు. హెచ్.డి.బి. అంటే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నగరం నడిబొడ్డున దుకాణాల పైఅంతస్తుల్లో ఒక్కో చీకటి గదిలో ఒక్కో కుటుంబం తలదాచుకునేది. శివార్లలో చెక్క, తాటాకు, రేకులతో వేసుకున్న గుడిసెలు ఉండేవి. హెచ్.డి.బి.కి ముందున్న సంస్థ 1927 నుంచి 1959 దాకా కట్టినవి 23 వేల ఇళ్లే. 1960లో ఏర్పడిన హెచ్.డి.బి. తొలి అయిదేళ్లలోనే 50 వేలకు పైగా కట్టింది. 1961 మే 25న బుకిట్ హో స్వీ పేటలో గుడిసెలు తగలబడి సుమారు 16 వేల మంది రోడ్డున పడటం ఈ పనిని మరింత తొందరపెట్టింది. 1964లో ఫ్లాట్లను అమ్మే పథకం వచ్చింది. 1968 నుంచి జీతంలో కోత పడే భవిష్యనిధి సొమ్ముతోనే వాటిని కొనుక్కునే వీలు కలిగింది. సొంత ఇల్లున్నవాడు దేశాన్ని విడిచిపోడనీ, దాన్ని కాపాడుకుంటాడనీ తొలి ప్రధాని లీ క్వాన్ యూ ప్రభుత్వం నమ్మింది. ఈ కొనుగోలు శాశ్వత హక్కు కాదు, 99 ఏళ్ల లీజు.

1964 జులై, సెప్టెంబరు నెలల్లో మలయ్, చైనీయుల మధ్య జరిగిన అల్లర్లలో 36 మంది చనిపోయారు. ఒక్కో జాతి ఒక్కో పేటలో గుమిగూడితే ప్రమాదమని ఆ అనుభవం నేర్పింది. ఫ్లాట్ల పునర్విక్రయాలతో మళ్లీ అదే ధోరణి కనబడేసరికి 1989లో జాతులవారీ కోటా పెట్టారు. ప్రస్తుతం ఒక బ్లాకులో భారతీయులు, ఇతరులు కలిపి 15 శాతం మించకూడదు. పరిమితి నిండితే ఆ వర్గం వారికి అక్కడ కొత్తగా ఇల్లు దొరకదు; తమ వర్గం వారే అమ్మితే మాత్రం కొనుక్కోవచ్చు.

ఉద్యోగ వీసా మీద వచ్చినవారు హెచ్.డి.బి. ఫ్లాట్ కొనలేరు, అద్దెకు తీసుకోవాలి. ఒప్పందం కనీసం ఆరు నెలలకు ఉండాలి. మొత్తం ఫ్లాట్‌ను విదేశీయులకు అద్దెకివ్వడానికీ బ్లాకుకు 11 శాతం పరిమితి ఉంది. ఒప్పందం మీద స్టాంపు సుంకం కట్టేది అద్దెదారే. గది మాత్రమే అద్దెకిచ్చే ప్రకటనల్లో ‘లైట్ కుకింగ్’ అన్న మాట ఉంటే, పోపులూ వేపుళ్లూ ఇంటివారికి ఇష్టం లేదని అర్థం. దాన్ని ముందే తేల్చుకోవడం మంచిది. బ్లాకు కింద ఖాళీగా వదిలే అంతస్తును వాయిడ్ డెక్ అంటారు. మలయ్ పెళ్లిళ్లూ, చైనీయుల అంత్యక్రియల కార్యక్రమాలూ అక్కడే జరుగుతాయి.

తిండి

యుద్ధానంతరం పని దొరకనివాళ్లు వీధుల్లో బండ్లు పెట్టుకుని వంటకాలు అమ్మేవారు. మురుగు, ఈగలు, రోగాల బెడద పెరగడంతో ప్రభుత్వం 1960ల చివర వాళ్లందరినీ నమోదు చేసి, 1980ల మధ్య నాటికి కొళాయిలు, కాలువలు ఉన్న హాకర్ సెంటర్లలోకి మార్చింది. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ సెంటర్లలో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్టే. తిన్నాక పళ్లెం తీసుకెళ్లి అరల్లో పెట్టాలి. 2021 నుంచి ఇది చట్టం. మునక్కాయలు, కరివేపాకు, పప్పుల కోసం తెలుగువారు లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్‌కు వెళతారు. ఒకప్పుడు ఆ పేట పశువుల వ్యాపారానికి కేంద్రం. బఫెలో రోడ్ అన్న పేరు అక్కడ ఇప్పటికీ ఉంది.

ప్రయాణం

రోడ్లకు నేల తక్కువ కాబట్టి కార్లకు కళ్లెం వేశారు. నగర కేంద్రంలోకి రద్దీ వేళ వచ్చే కార్ల నుంచి 1975లోనే రుసుము వసూలు మొదలుపెట్టారు. 1998లో అది ఎలక్ట్రానిక్ పద్ధతికి మారింది. 1990 నుంచి కారు కొనాలంటే ముందు వేలంలో అర్హతా పత్రం పాడుకోవాలి. దాని గడువు పదేళ్లు. చాలాసార్లు ఆ పత్రం ఖరీదు కారు అసలు ధరను మించిపోతుంది. అందుకే ఉద్యోగస్థుల్లో చాలామంది 1987లో మొదలైన ఎమ్మార్టీ రైళ్లు, బస్సుల మీదే తిరుగుతారు. ఛార్జీ దూరాన్ని బట్టి పడుతుంది కాబట్టి బస్సు దిగేటప్పుడూ కార్డు తాకించాలి.

నీళ్లు

1942లో జపాన్ సేన జలాశయాలను పట్టుకోవడంతో నగరం దాహంతో అల్లాడింది. బ్రిటిష్ సేన లొంగిపోవడానికి అదీ ఒక కారణం. మలేషియాలోని జొహోర్ రాష్ట్రంతో 1962లో కుదిరిన నీటి ఒప్పందం 2061లో ముగుస్తుంది. ఆలోగా సొంత కాళ్ల మీద నిలబడాలని వీలైనంత వాన నీటిని జలాశయాలకు మళ్లించారు. వాడిన నీటిని శుద్ధి చేసే ‘న్యూవాటర్’ 2003లో, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం 2005లో వచ్చాయి. కొళాయి నీరు నేరుగా తాగవచ్చు, క్యాన్లు కొనక్కర్లేదు.

భాష, బడి

మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లిషు అధికార భాషలు. ఏ జాతి వైపూ మొగ్గకుండా పాలనకూ చదువుకూ ఇంగ్లిషును ఎంచుకున్నారు. 1966 నుంచి దాంతోపాటు మాతృభాషను బడిలో రెండో భాషగా తప్పనిసరి చేశారు. భారత సంతతిలో తమిళులు ఎక్కువ కాబట్టి తమిళానికి ఆ స్థానం దక్కింది. తర్వాత హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకూ అవకాశమిచ్చారు. ఆ జాబితాలో తెలుగు లేదు. ప్రభుత్వ బడిలో చేరే తెలుగు పిల్లలు సాధారణంగా తమిళమో హిందీయో తీసుకుంటారు. తెలుగు చదవడం, రాయడం నేర్పే బాధ్యత ఇంటి మీదా, 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం వంటి సంఘాల మీదా ఉంది.