విమానం, పిట్ట, మన చెత్తబుట్ట

పిట్ట కొంచెం కూత ఘనం అంటారు పెద్దలు. విమానాల విషయంలో మాత్రం పిట్ట కొంచెం, దెబ్బ ఘనం. ఈ గొడవ నిన్న మొన్నటిది కాదు. రైట్ సోదరులు మొదటిసారి ఎగిరిన రెండేళ్లకే, 1905లో, ఓర్విల్ రైట్ నడుపుతున్న విమానం తగిలి ఒక పక్షి చచ్చిపోయింది. 1912లో కాలిఫోర్నియాలో కాల్ రాడ్జర్స్ అనే పైలట్ విమానానికి సముద్ర పక్షి అడ్డంపడింది. విమానం కూలి ఆయన చనిపోయాడు.

పక్షులు తగలడం ఎక్కువగా నేలకు దగ్గరలోనే జరుగుతుంది. విమానం లేచేటప్పుడు భయం ఇంకా ఎక్కువ. ఎందుకంటే అప్పుడు ఇంజన్లు పూర్తి బలంతో గాలిని లోపలికి లాగుతుంటాయి. ఆ గాలితోపాటు పక్షి కూడా లోపలికి పోతే రెక్కలు విరిగి ఇంజనే ఆగిపోవచ్చు. ఒక వేగం దాటాక బ్రేకు వేసినా మిగిలిన రన్‌వే చాలదు.

1960 అక్టోబరు 4న బోస్టన్‌లో లేచిన విమానానికి గోరింక జాతి పిట్టల గుంపు తగిలి 62 మంది చనిపోయారు. 1986 సెప్టెంబరు 29న మద్రాసులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ లేవబోతుండగా పక్షి తగిలింది. పైలట్లు ఆపబోయినా విమానం రన్‌వే దాటి పోయింది. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. 2009లో న్యూయార్క్‌లో బాతులు తగిలి రెండు ఇంజన్లూ ఆగిపోతే, పైలట్ హడ్సన్ నది మీద దించి 155 మందినీ కాపాడాడు.

ఇక మన ముంబయి సంగతి. దేవనార్‌లో చెత్త పోయడం 1927లో మొదలైంది. శాంతాక్రజ్ విమానాశ్రయం ఆ తర్వాత, రెండో ప్రపంచ యుద్ధకాలంలో వచ్చింది. రెండింటి మధ్య దూరం 10 కిలోమీటర్ల లోపే. చెత్త ఉంటే ఎలుకలు, ఎలుకలుంటే గద్దలు! అందుకే విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల చెత్త, మాంసం వ్యర్థాలు పారేయకూడదని మన దేశంలో నియమం పెట్టారు.

అన్ని ప్రమాదాలకూ చెత్తే కారణం కాదు. 2024 మే 20 రాత్రి ఘాట్‌కోపర్ దగ్గర, దిగుతున్న విమానం తగిలి 30కి పైగా ఫ్లెమింగోలు చచ్చిపోయాయి. అవి థానే ఖాడీలో మేతకు వచ్చే పక్షులు. వాటి తప్పేముంది? ఆకాశం ముందు నుంచీ వాటిదే కదా.

మన కామాటిపురా ఆ 10 కిలోమీటర్లకు బయటే ఉంది. అయితే మనకేంటి అనుకుంటాం. గానీ గల్లీలో మనం పారేసే చెత్త లారీ ఎక్కి నగరం చివరకు పోతుంది. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయిన మనవాళ్లు ఎందరో ముంబయిలోనే విమానం ఎక్కారు. ఈ నగరం కట్టడానికి వచ్చిన తెలుగు కామాటీల పేరే మన పేటకు ఉంది. కట్టిన వాళ్ల పిల్లలం, శుభ్రంగా ఉంచడం మనకు కష్టమా? తడి చెత్త, పొడి చెత్త వేరు చేద్దాం. చేపల ముళ్లు, మాంసం ముక్కలు చాళ్ల గ్యాలరీ నుంచి కిందికి విసరకుండా ఉందాం. పైన ఎగిరే మనిషికీ పక్షికీ కూడా అది మేలు.